పాట అందరిదే, వాటా ఎవరిది?

ప్రజల పాటను గురించి మనలో మనకు చాలా వాదాలు జరిగాయి. వాటిలో కొన్నింట నేనూ పాల్గొన్నాను. రెండు మూడు సందర్భాలలో గెలిచాననుకొని ఇంటికి వచ్చాను కూడా. ఐతే ఈ విషయంలో నా అభిప్రాయాన్ని తలకిందులు చేసిన ప్రశ్న ఏ సభలోనూ పుట్టలేదు. అది నిజాంపట్నం హార్బరు గట్టు మీద, చిరిగిన వల కన్నులు కలుపుకుంటూ కూర్చున్న ఒక ముసలి సరంగు అడిగిన ప్రశ్న. నేనప్పుడు సమాధానం చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పబూనుకున్నాను. ఆ సమాధానం చాలావరకు నాకే వ్యతిరేకంగా వచ్చిందని ముందుగా మనవి చేస్తున్నాను.

2022 మే నెల. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం గదా. బోట్లన్నీ రేవులో వరసగా కట్టేసి ఉన్నాయి. మనుషులు గట్టున కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. బడిపంతులుగా పనిచేసి విరమించుకున్నవాణ్ణి కనక అక్కడ నాకు తెలియని వాళ్లు తక్కువ. ఆ వేళ నేను మంచి హుషారులో ఉన్నాను. ఆ ఏడు జనవరిలోనే దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ ప్రకటించారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ ఆయన పాడిన కథలను మా అబ్బాయి ఫోనులో పెట్టి ఇస్తే రెండు రోజులపాటు అదే పనిగా విన్నాను. విన్నది నాలో దాచుకోలేక హార్బరుకు పోయి వాళ్లకూ వినిపించాను.

గాలి హోరులో కూడా ఆ గొంతు నిలబడింది. కథ సాగుతున్న కొద్దీ పని చేసే చేతులు నెమ్మదించాయి. పాట అయిపోగానే నేను గర్వంగా, "చూశారా, ఎంతటి గాయకుణ్ణి కనుగొన్నారో!" అన్నాను.

"ఆయనేమన్నా తప్పిపోయాడా మేష్టారూ, కనుక్కోటానికి?" అన్నాడు ముసలాయన సూది ఆపకుండానే.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "అది కాదయ్యా, ఇన్నాళ్లూ ఎవరికీ తెలియదు గదా!" అన్నాను.

"ఆళ్ల ఊళ్లో ఆళ్లకి తెలవదా? మీకు తెలవదనండి. సర్లెండి, ఇంతకీ దీంట్లో ఆయన వాటా ఎంత?"

వాటా అన్నమాట మా తీరంలో ఊరికే నోట వచ్చే మాట కాదు. వేట నుంచి వచ్చాక పడిన చేపను అమ్మి, ఖర్చులు తీసేసి, మిగిలినదాన్ని వాటాలు వేస్తారు. పడవకు ఇంత, వలకు ఇంత, వేటకు వెళ్లిన మనిషి మనిషికి ఇంత. లెక్కలో అన్యాయాలు లేవని కాదు. పడవ గలవాడి వాటా ఎప్పుడూ లావుగానే ఉంటుంది. కాని వల లాగినవాడికి అసలు వాటాయే లేదనే పెద్దమనిషి మా ఊళ్లో ఇంకా పుట్టలేదు. సముద్రం ఎవరిదీ కాదు గనక చేపలో నీకు భాగం లేదని ఒక కూలివాడితో అనేవాడుంటే వాణ్ణి మరుసటి రోజు ఎవరూ పడవ ఎక్కనివ్వరు.

మరి పాట విషయంలో మనం చేస్తున్న పని సరిగ్గా అదే గదా!

మొదట ఈ 'కనుగొనడం' సంగతి చూద్దాం. మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. డక్కలి కులస్థుడు. ఇంటింటికీ, వాడవాడకూ తిరిగి కథ చెప్పి, పెట్టింది పుచ్చుకొని బతికిన ఆశ్రిత కులం అది. వెదురు గొట్టం మీద మెట్లు నిలిపి, ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, తీగెలు బిగించిన ఆ వాద్యం ఆయనకు వంశంలో వచ్చింది. దొరల సొమ్ము దోచి పేదలకు పంచినవాడని పాలమూరు జనం చెప్పుకునే పండుగ సాయన్న కథను ఆయన ఎన్నో ఏళ్లుగా పాడుతున్నాడు. వినేవాళ్లు వింటూనే ఉన్నారు. 2021 సెప్టెంబరులో 'భీమ్లా నాయక్' చిత్రం టైటిలు పాట ఎత్తుగడలో ఆయన గొంతూ కిన్నెరా వినిపించాయి. అప్పుడు మనం ఆయన్ను 'కనుగొన్నాం.' అంటే ఏమన్న మాట? పాలమూరు పల్లెలు విన్నంతకాలం ఆయన లేనట్టే. మన చెవిన పడిన రోజున పుట్టినట్టు.

ఆ మాటకొస్తే మా ఊరిని కూడా ఒకప్పుడు ఇలాగే కనుగొన్నారు. 1611లో ఈస్టిండియా కంపెనీవారి 'గ్లోబ్' ఓడ నిజాంపట్నం రేవుకు వచ్చింది. పెద్దపల్లి అనే పేరు నోరు తిరగక 'పెటపోలీ' అని రాసుకున్నారు. తూర్పు తీరంలో ఇంగ్లీషువారి వర్తకానికి ఇక్కడే నాంది జరిగిందని చరిత్ర పుస్తకాలు ఘనంగా చెబుతాయి. అంతకు ముందే ఇక్కడ రేవు ఉన్నది, మనుషులున్నారు, నేత ఉన్నది, చిరివేరుతో ఎర్రరంగు అద్దే పనితనం ఉన్నది. ఆ ఎరుపు పేరు చరిత్రలో మిగిలింది. అద్దిన చేతుల తాలూకు పేరు ఒక్కటీ మిగల్లేదు. కనుగొన్నవాడి పేరు, కనుగొన్న సరుకు పేరు నిలుస్తాయి; సరుకు తయారుచేసినవాడు మాత్రం 'స్థానికుడు' అయిపోతాడు. దీన్ని వలసవాద దృక్పథమని మనం చీల్చిచెండాడుతాం. పాట దగ్గరికి వచ్చేసరికి మనమే ఆ ఓడ దిగుతాం.

నేను ఈ మాట తెనాలిలో ఒక చిన్న గోష్ఠిలో అన్నాను. 1943 ఫిబ్రవరిలో తాపీ ధర్మారావు గారి అధ్యక్షతన అభ్యుదయ రచయితలు మొదటిసారి సమావేశమైన ఊరు గదా, అక్కడ ఈ మాట చెల్లుతుందనుకున్నాను. చెల్లలేదు. నేను గౌరవించే ఒక మిత్రుడు లేచి గట్టిగా ఖండించాడు. ఆయన వాదన బలమైనది గనక దాన్ని బలహీనం చెయ్యకుండా ఇక్కడ పెడుతున్నాను.

ఆయన అన్నదేమిటంటే: జానపద గేయం అజ్ఞాత కర్తృకం. అది ఏ ఒక్కరి సృష్టీ కాదు. శ్రమ చేసే సమూహం తరతరాలుగా చెక్కుకుంటూ వచ్చినది. దానికి వ్యక్తి పేరు తగిలించడమంటే సమష్టి సంపదలోకి సొంత ఆస్తిని జొప్పించడమే. కవి పేరు, కవి కీర్తి, కవి హక్కు అనేవి బూర్జువా సమాజం తెచ్చిన జబ్బులు. ప్రజల పాటకైనా ఆ జబ్బు అంటకుండా చూడవలసిన అభ్యుదయవాదే ఇలా మాట్లాడితే ఎలా?

సభలో చప్పట్లు మోగాయి. పదేళ్ల క్రితమైతే నేనూ కొట్టేవాణ్ణి. కాని ఈ వాదనలో రెండు వేరు వేరు సంగతులు ఒకే మూటలో కట్టేసి ఉన్నాయి. పాట సమష్టిది, నిజమే. పాడే గొంతు సమష్టిదా? ఆ గొంతును నలభై ఏళ్లు సాధనచేసినవాడు ఒకడు. ఆ గొంతు ఉన్న దేహానికి ఆకలి వేస్తుంది, జబ్బు చేస్తుంది, ముసలితనం వస్తుంది. పదిమంది పాడే కథే అయినా ఏ చరణం దగ్గర ఆపాలో, ఏ మాట మార్చాలో, ఏ ఊళ్లో ఏ సంఘటన కలపాలో తేల్చుకునేది ఆ ఒక్కడే. సముద్రం అందరిదీ, పట్టిన చేప, పట్టినవాళ్లది. మిత్రుడు సముద్రాన్ని గురించి మాట్లాడుతున్నాడు. సరంగు అడిగింది చేపను గురించి.

పోనీ, పేరు లేకుండా వదిలేస్తే పాట నిజంగా అందరి సొత్తుగా ఉండిపోతుందా? అదీ లేదు. పేరు లేని పాట మీద పేరున్న ప్రతివాడూ చెయ్యి వేస్తాడు. 2021 ఫిబ్రవరి చివర 'లవ్ స్టోరీ' చిత్రం కోసం 'సారంగదరియా' పాట వచ్చింది. రచన సుద్దాల అశోక్‌తేజ, గానం మంగ్లీ. కోట్ల మంది విన్నారు. పల్లవి పల్లెల నుంచి వచ్చినదేనని ఎవరూ దాచలేదు. అప్పుడు కోమల అనే జానపద గాయని ముందుకు వచ్చి, 'రేలారే రేలా' కార్యక్రమంలో ఈ పాటను పాడి వెలుగులోకి తెచ్చింది తానైతే తన ఊసే లేదేమని అడిగింది. వారం పది రోజులు పత్రికల్లో, టీవీల్లో గొడవ నడిచింది. చివరకు దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు, పారితోషికం ఇస్తామని బహిరంగంగా ప్రకటించాక గొడవ సద్దుమణిగింది.

ఆ వివాదంలో ఎవరు ఎంత తప్పు అన్నది నాకిక్కడ ప్రధానం కాదు. అడిగిన గాయనికి జవాబు వచ్చింది, అది మంచిదే. నేను చూస్తున్నది వేరు. అడగగలిగింది గనక వచ్చింది. ఆమెకు టీవీ తెలుసు, పత్రికలవాళ్లు తెలుసు. ఆమెకు ముందు ఆ పాటను నాట్లలోనో, పెళ్లి పందిట్లోనో పాడిన స్త్రీల మాటేమిటి? వాళ్ల పేర్లు ఆ పది రోజుల గొడవలో ఒక్కరైనా అడిగారా? అడగలేదు, ఎందుకంటే మన దగ్గర దానికి సిద్ధంగా ఒక మాట ఉన్నది: 'సంప్రదాయం.' ఆ మాట వాడితే ఎవరికీ వాటా ఇవ్వనక్కర్లేదు. సమష్టి సంపదలోకి సొంత ఆస్తి జొరబడుతున్నదని మిత్రుడు భయపడ్డాడు. ఆయన తలుపు వేసి కాపలా కాస్తున్నది ముందు ద్వారం. ఆస్తి దొడ్డిదారిన ఎప్పుడో ఇంట్లోకి వచ్చింది.

దీనికి చట్టం ఒప్పుకోదేమోనని కొందరికి సందేహం. చట్టం మనకంటె నయంగా ఉన్నది. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణతో ప్రదర్శకుని హక్కు అనేది చేరింది. ప్రదర్శకుడంటే ఎవరో చెబుతూ చట్టం ఇచ్చిన పట్టికలో నటుడు, గాయకుడు, నర్తకుడు మొదలు దొమ్మరి విద్యలవాడు, గారడీవాడు, పాములాడించేవాడు దాకా ఉన్నారు. పాట ఎంత పాతదైనా, దానికి కర్త ఎవరో తెలియకపోయినా, పాడినవాడి ప్రదర్శన మీద పాడినవాడికి హక్కు ఉంటుంది. 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణ తరవాత ఆ ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీకి కూడా అతను అర్హుడే. సముద్రం వేరు, చేప వేరు అనే తేడా ఢిల్లీలో చట్టం రాసినవాళ్లకు తెలిసింది. పాములాడించేవాణ్ణి కూడా వాళ్లు మరిచిపోలేదు. మరిచిపోయినవాళ్లం సాహిత్యకారులం.

ఇక రెండో రకం మిత్రులున్నారు. వీరు మొగులయ్య సినిమాకు పాడడమే తప్పంటారు. కిన్నెర పక్కన డ్రమ్ములు మోగగానే జానపదం మైలపడిందని వీరి బాధ. ఆయన ఎప్పటికీ చెట్టు కింద కూర్చుని, చిరిగిన పంచె కట్టుకుని, వీరు కారు దిగి వచ్చినప్పుడల్లా 'స్వచ్ఛంగా' పాడాలి. నేను వీరితో బొత్తిగా ఏకీభవించను. కళాకారుడి పేదరికాన్ని కళ తాలూకు స్వచ్ఛతగా భావించేవాడు కళను ప్రేమించడం లేదు, పేదరికాన్ని ప్రేమిస్తున్నాడు. ఆయన గొంతు అవుసలికుంట నుంచి మా నిజాంపట్నం దాకా వచ్చింది సినిమా వల్లనే. అందుకు నాకు సంతోషమే. నా తగాదా కలయికతో కాదు, లెక్కతో.

ఆ లెక్క ఎలా తేలిందో చూడండి. 2022 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం మొగులయ్యకు కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. సన్మానాలు జరిగాయి, శాలువాలు కప్పారు, ఫొటోలు దిగారు. 2024 మేలో ఆయన హైదరాబాదు శివారున కట్టుబడి పనిలో కూలిగా కనిపించాడు. నెల నెలా వచ్చే గౌరవ వేతనం ఆగిపోయిందని చెప్పుకున్నాడు. ఆ దృశ్యం పత్రికల్లో వచ్చినప్పుడు మళ్లీ అయ్యో అన్నాం, మళ్లీ 'కనుగొన్నాం.' ఒక మనిషిని రెండుసార్లు కనుగొనవలసి వచ్చిందంటే మధ్యలో మనం ఏం చేస్తున్నట్టు? దానం ఎంత పెద్దదైనా వాటాకు సాటి రాదు. దానం ఇచ్చేవాడి దయ మీద ఆధారపడుతుంది. వాటా లెక్క మీద ఆధారపడుతుంది. ఏ పాట ఎన్నిసార్లు మోగితే అన్నిసార్లు పాడినవాడి ఇంటికి కొంత చేరే ఏర్పాటు ఉన్నచోట శాలువా లేకపోయినా నష్టం లేదు.

ఇంతదాకా సినిమాను, ప్రభుత్వాన్ని అన్నాను. ఇక మన సంగతి. మన ఉద్యమం ప్రజాకళల నుంచి తీసుకున్నంతగా మరెక్కడి నుంచీ తీసుకోలేదు. జంగం కథను బుర్రకథగా మార్చి ఊరూరా మోగించింది ప్రజానాట్యమండలి. దానికి శిఖరం షేక్ నాజర్. మా గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి. 1920లో దూదేకుల ఇంట పుట్టి, 'పల్నాటి యుద్ధం', 'బొబ్బిలి యుద్ధం', 'అల్లూరి సీతారామరాజు' కథలతో లక్షల మందిని కూర్చోబెట్టి, 1986లో పద్మశ్రీ పొంది, 1997లో కన్నుమూశాడు. ఆయన చెప్పగా అంగడాల వెంకటరమణమూర్తి రాసిన జీవిత కథ పేరు 'పింజారి.' ఏ కులం పేరుతో లోకం తనను కించపరచిందో ఆ పేరే అట్ట మీద ఎక్కింది. అజ్ఞాతంగా ఉండనని చెప్పడానికి ఇంతకంటె గట్టి పద్ధతి నాకు తెలియదు. నాజర్ పేరు మనం నిలుపుకున్నాం. అది మనకు గర్వకారణమే. కాని నాజర్‌కు ముందు తంబురా, డక్కీలు పట్టుకుని ఈ డెల్టా ఊళ్లల్లో తిరిగిన జంగం కథకుల పేర్లు మనలో ఎంతమంది చెప్పగలరు? 'ప్రజలు' అన్నాం. ప్రజలు అనే మాట గొప్పదే. కాని ఒక్కొక్కప్పుడు అది పేర్లు రాయడానికి బద్ధకించేవాడికి మంచి చాటు.

ఈ లోపం మన ఒక్కరిదే కాదు. అయితే దాన్ని దిద్దుకున్నవాళ్లు ఉన్నారు. ఇంగ్లండులో 1903లో సెసిల్ షార్ప్ అనే సంగీతం మేష్టరు సోమర్సెట్ ప్రాంతంలో జాన్ ఇంగ్లండ్ అనే తోటమాలి గడ్డి కోస్తూ పాడుతున్న పాట విని రాసుకున్నాడు. ఆ పాటకే పియానో చేర్చి పాడించాడు. అక్కడి జానపద గీతోద్యమానికి అది ఆరంభమని చెబుతారు. దొరలు పియానో కోసం పాటకు చొక్కా తొడిగారని తరవాతివారు విమర్శించారు, న్యాయంగానే. కాని తోటమాలి పేరు మనకు తెలుసు. ఎందుకంటే షార్ప్ పాటతోపాటు పాడినవాడి పేరు, ఊరు, తేదీ రాసుకున్నాడు.

మా వాళ్లకు మరీ దగ్గరి ఉదాహరణ శామ్ లార్నర్. 1878లో నార్‌ఫోక్ తీరాన వింటర్టన్ అనే పల్లెలో పుట్టిన చేపలవేటగాడు. చిన్ననాడే పడవ ఎక్కి, హెర్రింగు చేపల వేటలో బతుకు గడిపి, ముసలితనంలో బీబీసీవారి చెవిన పడ్డాడు. మన వంటి భావాలే గల ఇవాన్ మెకోల్, ఆయన సహచరి పెగీ సీగర్, చార్లెస్ పార్కర్ అనే నిర్మాత కలిసి 1960లో జాలరుల మీద ఒక రేడియో రూపకం తయారుచేశారు. నటుల చేత చెప్పించకుండా జాలరుల గొంతులనే రేడియోలో వినిపించారు. 1961లో లార్నర్ పాటలు, మాటలు ఆయన పేరుతోనే గ్రామఫోను రికార్డుగా వచ్చాయి. ఇందులో మెలిక కూడా ఉన్నది. ఆ జాలరుల మాటల నుంచి మెకోల్ ఒక కొత్త పాట కట్టాడు. అది విని, ఇది తనకు మొదటినుంచీ తెలిసిన పాటేనని లార్నర్ అన్నాడట! కవికి ఇంతకంటె బిరుదు లేదు. అయితే ఆ పాట మెకోల్ పేరున లోకమంతా తిరిగింది. అందులోని మాటలలో లార్నర్ వాటా ఎంత అన్న ప్రశ్న అక్కడ కూడా మిగిలే ఉన్నది. కాని కనీసం ప్రశ్న వెయ్యడానికి అక్కడ ఒక పేరు ఉన్నది. అడగడానికి పేరే లేనిచోట ప్రశ్న కూడా పుట్టదు.

లార్నర్ పేరు ఆ రికార్డు అట్ట మీద ఉన్నది. మరి నా పుస్తకం అట్ట మీద?

అవును, నేనూ ఒక సేకర్తనే. హరి ఆదిశేషువు గారి 'జానపద గేయ వాఙ్మయ పరిచయము', బిరుదురాజు రామరాజు గారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' చదివి ఉత్తేజం పొందినవాణ్ణి. 1984 వేసవి సెలవుల్లో మా పల్లె స్త్రీల దగ్గర పాటలు రాసుకున్నాను. 41 పాటలు అచ్చువేశాను. ఊయల పాటలు, పెళ్లి పాటలు, గంగమ్మ పాటలు. అట్ట మీద నా పేరు. లోపల, 'నిజాంపట్నం ప్రాంతపు పల్లె స్త్రీల నుండి సేకరించినవి' అని ఒక వాక్యం. ఆ 41లో 26 పాటలు ఒకే ఒక్క మనిషి పాడింది. ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని రేపల్లె దాకా పోయి అమ్ముకునే మనిషి. పదిహేను మధ్యాహ్నాలు బేరం మానుకుని నాకు పాడింది. నేనామెకు ఒక చీర పెట్టి రుణం తీరిందనుకున్నాను. పేరు ఎందుకు వెయ్యలేదని ఎవరూ అడగలేదు; నాకూ తోచలేదు. జానపదం అజ్ఞాత కర్తృకం గదా!

అంతకంటె పెద్ద తప్పు ఇంకొకటి ఉన్నది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఆమె పెద్దకొడుకు పోయాడు. ఆ ఉప్పెన మీద ఆమె సొంతంగా ఒక పాట కట్టుకుంది. చివరి మధ్యాహ్నం అది కూడా పాడింది. నేను రాసుకున్నాను, మెచ్చుకున్నాను, పుస్తకంలో మాత్రం వెయ్యలేదు. కారణం? అది 'సాంప్రదాయికం' కాదు. కర్త ఎవరో తెలుసు. ఏడేళ్ల క్రితం కట్టినది. శాస్త్రప్రకారం అది జానపద గేయం కాదన్నాను. ఆ కాగితం ఎక్కడో పోయింది.

ఆలోచించి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. కర్త తెలిసిన పాటను తీసి పారేశాను. కర్త తెలియని పాటలను మాత్రమే ఉంచాను. ఆ తరవాత, 'చూశారా, ఈ పాటలకు కర్త లేడు' అని పీఠికలో రాశాను. అజ్ఞాత కర్తృకం అనేది నేను కనుగొన్న సత్యం కాదు, నేను తయారుచేసిన సరుకు. తెనాలి మిత్రుడికి నా సమాధానం ఇదే. అజ్ఞాతం అనేది చాలాసార్లు పాట గుణం కాదు, రాసుకున్నవాడి గుణం. ఏ పాటకైనా కొసన ఎక్కడో పేరు తెలియని తొలి గొంతు ఉంటుంది, అది కాదనను. కాని మన ఎదట కూర్చుని పాడిన మనిషిని కూడా ఆ చీకట్లోకి తోసెయ్యడానికి మనకేమి అధికారం?

అంచేత నేను ప్రతిపాదిస్తున్నవి పెద్ద విషయాలు కావు. ఏ జానపద గేయాన్ని అచ్చువేసినా, రికార్డు చేసినా, వేదిక మీద పాడినా, ఎవరి నోట విన్నామో ఆ మనిషి పేరు, ఊరు, తేదీ, వాళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ సంగతి పాటతోపాటు రావాలి. పాడినవాళ్లు వద్దంటే తప్ప. కొత్తగా కట్టినదని పాటను వెలివెయ్యకూడదు. నిన్న కట్టిన పాటే రేపటి సంప్రదాయం. డబ్బు వచ్చేచోట వాటా ముందే కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితం చదివి చెప్పేవాడు గాయకుడి పక్షాన ఒకడుండాలి. ఆ పని మన శాఖలవాళ్లు చెయ్యగలరు. సన్మానసభకు పెట్టే ఖర్చు కూడా కాదు. ఇది సొంత ఆస్తిని తెచ్చిపెట్టడం కాదు. శ్రమకు ఫలితం అడగడం. ఈ రెంటికీ తేడా తెలియకపోతే మనం ఇన్నేళ్లూ చదివింది దండుగ.

2024లో మొగులయ్య కూలి వార్త చదివిన వారంలోనే నేను ఆ ఎండుచేపల అమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె పోయి చాలా ఏళ్లయింది. కూతురున్నది, ఆమెకే ఇప్పుడు అరవై దాటాయి. నా పుస్తకం తీసి ఒక్కొక్క పాటా చదివాను. నాలుగు చోట్ల ఆపి, "అట్టా కాదు మేష్టారూ, అమ్మ అట్టా అనేది కాదు" అని దిద్దింది. ఉప్పెన పాటలో ఆమెకు రెండున్నర చరణాలు గుర్తున్నాయి. మిగతావి లేవు. వాటిని ఇక ఎవరూ కనుగొనలేరు.

సంగతంతా చెప్పి, ఈ వ్యాసంలో మీ అమ్మ పేరు రాస్తానన్నాను. ఆమె కాసేపు ఊరుకుంది.

"మీ పత్రికలో అమ్మ పేరు ఏం జేసుకుంటది మేష్టారూ? మీ తప్పు చెప్పుకోటానికి అమ్మ పేరెందుకు? పాట పక్కనెయ్యండి. పాట లేకండా పేరొద్దు" అన్నది.

అంచేత ఆ పేరు ఇక్కడ లేదు. పుస్తకం రెండో కూర్పు సిద్ధమవుతున్నది. 26 పాటల పక్కనా, ఉప్పెన పాట రెండున్నర చరణాల పక్కనా అది ఉంటుంది. అట్ట మీద నా పేరుకు పైన ఉంటుంది. అచ్చు ఖర్చు పోగా వచ్చినదాంట్లో వాటా ఎట్లా వెయ్యాలో నాకు లెక్క తెలియక ముసలి సరంగునే అడిగాను. ఆయన వల పక్కన పెట్టి వేళ్ల మీద లెక్కవేసి చెప్పాడు: "పుస్తకం పడవ. కాగితం మీద రాసింది వల. పాడింది మడిసి. మడిసి లేకపోతే కడమ రెండూ గట్టునే ఉంటయి."

ఈ లెక్క తప్పని తోచినవాళ్లు తమ లెక్క చెప్పవలసిందిగా కోరుతున్నాను.